వరద వస్తే ఓటు పోతుందా? బుడమేరు వాడల్లో తిరుగుతున్న సందేశానికి సమాధానం

విజయవాడలో నాలుగు రోజులు ముసురు పట్టిందంటే వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం మళ్లీ తిరగడం మొదలవుతుంది. దాని సారాంశం ఇది: ఎన్నికల సమయంలో వరద వస్తే ఓటరు కార్డు కొట్టుకుపోయినవారికి ఓటు ఉండదు, ఇల్లు వదిలి వెళ్లినవారి పేర్లు జాబితాలోంచి తీసేస్తారు, పోలింగ్ వాయిదా వేయడం, వేయకపోవడం అధికారుల ఇష్టం, ఈవీఎం తడిస్తే అందులో పడిన ఓట్లు గల్లంతే, ఎన్నికల ప్రవర్తనా నియమావళి (కోడ్) అమల్లో ఉంటే వరద సాయం కూడా ఆగిపోతుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు నీళ్ల మధ్య రోజుల తరబడి గడిపిన సింగ్‌నగర్, పాయకాపురం వాసులు దీనిని నమ్మారంటే వారిని తప్పుపట్టలేము. బీరువాలో దాచుకున్న కాగితాలన్నీ ముద్దగా మారడం వారు కళ్లారా చూశారు. ఆ భయాన్ని గౌరవిస్తూనే, సందేశంలోని ఒక్కో మాటను చట్టంతోనూ జరిగిన సంఘటనలతోనూ సరిచూడవలసి ఉంది.

మొదటిది కార్డు సంగతి. ఓటు వేయడానికి ఆధారం ఓటర్ల జాబితాలో పేరు. కార్డు మనిషిని గుర్తించడానికి మాత్రమే. అది లేనప్పుడు ఆధార్, పాన్ కార్డు, డ్రైవింగ్ లైసెన్సు, పాస్‌పోర్టు, ఫొటో అతికించిన బ్యాంకు లేదా పోస్టాఫీసు పాస్‌బుక్, ఉపాధి హామీ జాబ్ కార్డు, ఫొటో ఉన్న పింఛను పత్రం వంటి వాటిలో ఏ ఒక్కటి చూపినా ఎన్నికల సంఘం అంగీకరిస్తుంది. ఇంటికి వచ్చి ఇచ్చే ఓటరు స్లిప్పు ఒక్కటే చూపితే మాత్రం 2019 నుంచి చెల్లడం లేదు. పోయిన కార్డుకు బదులు మరొకటి కావాలంటే ఫారం-8 ఇవ్వాలి.

రెండో మాటలో అబద్ధం ఎక్కువే ఉన్నా, కొంత నిజం కూడా కలిసి ఉంది కాబట్టి జాగ్రత్తగా చూడాలి. 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టంలోని 20వ సెక్షను, తాత్కాలికంగా ఊరు విడిచి వెళ్లినంత మాత్రాన ఎవరూ ఆ ఇంటి నివాసి కాకుండా పోరని స్పష్టంగా చెబుతోంది. కనుక నీళ్లు తీసేదాకా గుంటూరులో అక్కగారింట్లో తలదాచుకున్న కుటుంబం పేర్లను ఆ కారణంతో తొలగించడానికి వీల్లేదు. వేరే వారెవరైనా ఫారం-7 (పేరు తొలగించమనే దరఖాస్తు) పెట్టి అభ్యంతరం చెప్పినా, నోటీసు ఇచ్చి విచారించాకే నిర్ణయం తీసుకోవాలి. అయితే ఆ నోటీసు వచ్చేది జాబితాలో ఉన్న చిరునామాకే. తలుపుకు తాళం ఉన్న ఇంట్లో దానిని అందుకునేవారెవరు? 2019 ఎన్నికలకు ముందు మన రాష్ట్రంలో ఫారం-7 దరఖాస్తులు కుప్పలుగా పడి, పోలీసు కేసుల దాకా వెళ్లిన సంగతి మరువరాదు. వరద తరువాత ఇల్లు చేరినవారు బీఎల్‌ఓ (బూత్ స్థాయి అధికారి) దగ్గర ఒకసారి పేరు సరిచూసుకోవాలని నేను పట్టుబట్టి చెప్పేది అందుకే. శాశ్వతంగా వేరే పేటకు మారినవారు ఫారం-8తో చిరునామా మార్పించుకోవాలి.

ఇక వాయిదా. ఈ విషయంలో సందేశం పూర్తిగా పెడదారి పట్టిస్తోంది. 1951 ప్రజాప్రాతినిధ్య చట్టంలోని 57వ సెక్షను ప్రకారం, ప్రకృతి వైపరీత్యం వల్ల ఒక పోలింగ్ కేంద్రంలో ఓటింగ్ సాగనప్పుడు ఆ కేంద్రాన్ని నడిపే ప్రిసైడింగ్ అధికారి గానీ నియోజకవర్గ ఎన్నికను చూసే రిటర్నింగ్ అధికారి గానీ వాయిదా ప్రకటించాలి. ఆ వెంటనే విషయం ఎన్నికల సంఘానికి చేరాలి. మళ్లీ పోలింగ్ జరిపే తేదీకి సంఘం ముందస్తు ఆమోదం ఉండాలి. అది పూర్తయ్యేవరకు పడిన ఓట్లను లెక్కించకూడదు. అటువంటి పోలింగ్ ఆగిన చోటి నుంచే మొదలవుతుంది కనుక, అప్పటికే ఓటు వేసినవారు మళ్లీ రానక్కరలేదు.

నియోజకవర్గమంతటా పోలింగ్ జరిపే పరిస్థితి లేకపోతే నిర్ణయం ఎన్నికల సంఘానిదే. తమిళనాడులోని తిరువారూరు ఉపఎన్నికను 2019 జనవరి 28న జరపాలని ప్రకటించిన సంఘమే, గజ తుపాను సహాయక చర్యలు ఇంకా ముగియలేదన్న నివేదికల మీద, జనవరి 7న దానిని రద్దు చేసింది. అదే ఏడాది ఫణి తుపాను కారణంగా ఒడిశాలోని పట్‌కురా శాసనసభ స్థానం పోలింగ్ మే 19 నుంచి జులై 20కి వాయిదా పడింది. మరోవైపు, విపత్తు వచ్చిందంటే ఎన్నికలు ఆగిపోతాయన్న నియమమేదీ లేదు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన దివిసీమను తుడిచిపెట్టాక మూడు నెలలు తిరిగేసరికి, 1978 ఫిబ్రవరిలో, రాష్ట్ర శాసనసభ ఎన్నికలు జరిగాయి. దివిసీమలోని అవనిగడ్డ కూడా ఓటు వేసింది. 2014 సెప్టెంబరు వరదల తరువాత ఆ ఏడాది చివరలో జమ్మూకశ్మీర్‌లో సుమారు 65 శాతం ఓటింగ్ నమోదైంది.

ఈవీఎం తడిస్తే ఏమవుతుందన్నది నాలుగో ప్రశ్న. యంత్రం కరెంటు మీద కాక బ్యాటరీ మీద నడుస్తుంది కనుక, వానకు కరెంటు పోయినా ఓటింగ్ ఆగదు. బ్యాటరీ తీసేసినా కంట్రోల్ యూనిట్‌లో నమోదైన ఓట్లు చెరగవు. నీళ్లు చొరబడి యంత్రం పాడయ్యే అవకాశం లేదని నేను అనను. ఫలితం తేల్చలేనంతగా పాడైతే అదే 1951 చట్టంలోని 58వ సెక్షను కింద సంఘం ఆ కేంద్రపు పోలింగ్‌ను చెల్లదని ప్రకటించి తిరిగి జరిపించగలదు. అది పైన చెప్పిన వాయిదా వంటిది కాదు. అక్కడ అందరూ మళ్లీ ఓటు వేయాలి. ఆ కేంద్రం ఓట్లు తుది ఫలితాన్ని మార్చవని సంఘం నిర్ధారణకు వస్తే రీపోలింగ్ లేకుండా ముందుకు సాగే వీలు కూడా అదే సెక్షనులో ఉంది. ఈ ఒక్క మినహాయింపును పట్టుకుని ఓట్లన్నీ గల్లంతంటూ ప్రచారం చేయడం అన్యాయం.

కోడ్ గురించి ఒక్క ఉదాహరణ చాలు. 2019లో మన పోలింగ్ ఏప్రిల్ 11న ముగిసినా మే 23 లెక్కింపు వరకు కోడ్ ఉంది. ఆ మధ్యలో ఫణి వచ్చినప్పుడు సహాయక చర్యల కోసం ఎన్నికల సంఘం తూర్పుగోదావరి, విశాఖ, విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో దానిని సడలించింది.

సందేశం అసలు ముట్టని విషయం మరొకటి ఉంది: వరద నాటికి పోలింగ్ కేంద్రం ఎక్కడ ఉంటుందన్నది. 2024లో మనం ఓటు వేసింది మే 13న. నాలుగు నెలలు తిరగకుండానే ప్రకాశం బ్యారేజీ గుండా 11.43 లక్షల క్యూసెక్కుల వరద వెళ్లింది. మే నెలను కూడా పూర్తిగా నమ్మలేము: 1990లో పెను తుపాను, 2010లో లైలా, రెండూ మేలోనే మన తీరాన్ని తాకాయి. పైగా నగరపాలక ఎన్నికలు జరిపేది రాష్ట్ర ఎన్నికల సంఘం. వాటి చట్టం వేరు, కాలం వేరు. వృద్ధుల, దివ్యాంగుల సౌకర్యం కోసం పోలింగ్ కేంద్రాలను కింది అంతస్తుల్లోనే పెట్టడం సరైన పద్ధతే, కానీ బుడమేరు పల్లపు వాడల్లో మొదట మునిగేది ఆ కింది అంతస్తులే. పోలింగ్ కేంద్రాల ముసాయిదా జాబితా ప్రకటించినప్పుడు అభ్యంతరాలు తీసుకుంటారు. ఏ బడి గదిలో నీళ్లు ఎంత ఎత్తున నిలిచాయో, గోడ మీద ఆ చార ఎక్కడిదాకా ఉందో ఆ వీధివారికి తెలిసినంతగా మరెవరికీ తెలియదు. ఆ వివరాన్ని ఫొటోతో సహా రాసి ఇవ్వవలసిన సమయం అదే.