అలమరలో గాత్ర కచేరీ

మా ఇంట్లో నా పాట వినేవాళ్లు ముగ్గురు: మా ఆవిడ, మా అమ్మాయి, మా బావమరిది. నేను గొంతు సవరించుకోగానే ముగ్గురికీ ఏదో ఒక పని గుర్తొస్తుంది. లోపం గొంతులో లేదు, రికార్డింగులో ఉందని నా నమ్మకం. ఫోన్‌లో రికార్డు చేసుకుంటే ఎవరి గొంతైనా రేకు డబ్బాలోంచి వచ్చినట్టే ఉంటుంది కదా. సరైన మైకు, సరైన సాఫ్ట్‌వేర్ ఉంటే వీళ్లే మళ్లీ మళ్లీ పెట్టించుకుని వింటారని తీర్మానించి, ఇంట్లోనే స్టూడియో పెట్టడానికి నడుం కట్టాను.

సాఫ్ట్‌వేర్ మొత్తం ఓపెన్ సోర్స్‌దే, అంటే లోపలి కోడ్ అందరికీ తెరిచి ఉంచేదే, కావాలన్నది నా పట్టుదల. "ఫ్రీ సాఫ్ట్‌వేర్‌లో ఫ్రీ అంటే ఉచితమని కాదు, స్వేచ్ఛ అని అర్థం" అంటూ మా ఆవిడకు అరగంట ఉపన్యాసమిచ్చాను. అంతా విని, "ఎవరి స్వేచ్ఛ?" అని అడిగి వెళ్లిపోయింది. మైకు, స్టాండు, మైకును కంప్యూటర్‌కు కలిపే ఆడియో ఇంటర్‌ఫేస్ డబ్బా, చెవులు మూసే హెడ్‌ఫోన్లు ఒక్కొక్కటే ఇంటికి రావడం మొదలయ్యాక ఆ ప్రశ్న ఆవిడ మళ్లీ అడగలేదు. బిల్లులు మాత్రం అడిగింది.

మొదట ఆర్డర్ అనే పెద్ద రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ మీద పడ్డాను. పాల్ డేవిస్ అనే ప్రోగ్రామర్ మొదలుపెట్టింది. దాని సోర్స్ కోడ్ ఎవరైనా తీసుకోవచ్చు, తయారుగా ఉన్న ప్రోగ్రామ్ కావాలంటే మాత్రం వాళ్ల సైటులో ఎంతో కొంత చెల్లించాలి. "కోడ్ చేతిలో ఉండగా డబ్బెందుకు, నేనే కంపైల్ చేసి ప్రోగ్రామ్ తయారుచేసుకుంటా" అని కూర్చున్నాను. దానికి తోడు కావాల్సిన కోడ్ మూట, లైబ్రరీ అంటారు, ఒకటి లేదంది, తెచ్చాను. ఆ లైబ్రరీకి ఇంకో లైబ్రరీ కావాలంది. అది ఉన్నదానికంటే కొత్తది కావాలంది. ఆదివారం మొత్తం ఇలా గడిచాక, నా లినక్స్‌లో అది ఒక్క కమాండుతో ఇన్‌స్టాల్ అవుతుందని తెలిసింది. ఈ సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

తర్వాతిది జాక్. ప్రోగ్రాముల మధ్య శబ్దాన్ని తీగలు కలిపినట్టు అటూ ఇటూ కలిపే సౌండ్ సర్వర్ ఇది. సౌండ్ కార్డును పట్టుకుందంటే వదలదు. నేను దాన్ని ఆన్ చేసిన క్షణాన అదే కంప్యూటర్‌లో మా అమ్మాయి చూస్తున్న పాఠం మూగబోయింది. "నాన్నా, మాస్టారు నోరు కదుపుతున్నారు, మాట రావట్లేదు" అంది. ఇప్పుడు పైప్‌వైర్ అనే కొత్త సౌండ్ సర్వర్ వచ్చి ఇలాంటి తగవులు చాలావరకు తీరుస్తోంది. కానీ నేను చదివిన పాఠాలన్నీ అది రాకముందువి. వాటిని అక్షరం పొల్లుపోకుండా పాటించి, లేని సమస్యలు కొన్ని తెచ్చిపెట్టుకున్నాను.

లేటెన్సీ మాత్రం నిజమైన సమస్యే. నేను ఇప్పుడు పాడితే హెడ్‌ఫోన్లో కాస్త ఆగి వినబడుతుంది. కంప్యూటర్ గొంతును సెకనుకు 48,000 ముక్కలుగా, అంటే శాంపిళ్లుగా, తీసుకుంటుంది. ఆ లెక్కన, ఒక్కో విడతకు పోగేసే శాంపిళ్లు, అంటే బఫర్, 1024 పెడితే లోపలికి 21 మిల్లీసెకన్లు, బయటికి మరో 21. ఇంతేగా అనుకుంటారు. శబ్దం గాలిలో మిల్లీసెకనుకు జానెడున్నర దూరం పోతుంది. ఆ లెక్కన దాదాపు 15 మీటర్ల అవతల నాలాంటివాడే ఇంకొకడు నిలబడి నన్ను వెక్కిరిస్తున్నట్టు ఉంటుంది. వాడి కోసం నేను ఆగుతాను. నా కోసం వాడూ ఆగుతాడు. పల్లవి ముందుకు సాగదు.

బఫర్ 64కు తగ్గించాను. ఆలస్యం పోయింది గానీ ఎండుటాకుల మీద ఎవరో నడుస్తున్నట్టు చిటపటలు మొదలయ్యాయి. ప్రాసెసర్ వేళకు శబ్దం అందించలేకపోతే పడే ఆ తెగుడును ఎక్స్‌రన్ అంటారు. ఒక చరణం అయ్యేసరికి ఎక్స్‌రన్‌లు 312. దీనికి మందు రియల్‌టైమ్ ప్రాధాన్యమట, అంటే ప్రాసెసర్ మిగతా పనులకంటే ముందు శబ్దాన్ని చూడటం. అది దక్కాలంటే లినక్స్‌లో నన్ను నేనే ఆడియో గ్రూపులో చేర్చుకోవాలట. ఇంట్లో ఎలాగూ లేని ప్రాధాన్యం ప్రాసెసర్ దగ్గరైనా దొరుకుతుందని సంతోషంగా చేర్చుకున్నాను. ఎక్స్‌రన్‌లు 40కి దిగాయి. నా పరపతి ఎక్కడైనా అంతే.

చివరికి మందు నా ముందే ఉంది. ఇంటర్‌ఫేస్ డబ్బా మీద డైరెక్ట్ మానిటర్ అని ఒక మీట ఉంటుంది. అది తిప్పితే మైకులోని గొంతు కంప్యూటర్ దాకా పోకుండా డబ్బాలోంచే తిన్నగా హెడ్‌ఫోన్లోకి వస్తుంది. ఆలస్యం అన్నమాటే ఉండదు. ఆ మీట తిప్పిన రోజు నేను పొందిన ఆనందం తలుచుకుంటే ఇప్పుడు ఒళ్లు మండుతుంది.

మైకు కథ పొట్టిదే. కండెన్సర్ మైకుకు ఇంటర్‌ఫేస్ నుంచి 48 వోల్టులు అందాలి, దానికో బటన్ ఉంటుంది. అది నొక్కకుండా ఒక సాయంత్రం మొత్తం పాడాను. నొక్కాక రెండు రోజులు మైకు నెత్తి మీద పాడాను. ఆ రకం మైకుకు ముఖం పక్కన ఉంటుందట.

ఇక గది. గోడలకు గుడ్ల అట్టలు అంటిస్తే శబ్దం ఆగదని అంటించాకే తెలిసింది. గదిలో మారుమోత తగ్గాలంటే మందపాటి గుడ్డలు కావాలి. అవి నిండా ఉన్నది మా బట్టల అలమరలో. ఇది నా తెలివి కాదు, చాలామంది చేసే పనే. వేలాడే చీరలు, కోట్లు, దుప్పట్ల మధ్య గొంతు ఎంత పొడిగా వస్తుందో వింటే గానీ నమ్మరు. ల్యాప్‌టాప్ ఫ్యాను మోత వినబడకుండా దాన్ని హాల్లో బల్ల మీద పెట్టి, పక్కనే ఇంటర్‌ఫేస్ పెట్టి, అక్కణ్నుంచి మైకు తీగా హెడ్‌ఫోన్ తీగా అలమర తలుపు కిందుగా లోపలికి లాగాను.

ఇంత సరంజామా అయ్యాక ఆర్డర్‌ను పక్కన పెట్టి ఆడాసిటీకి మారాను. ఇద్దరు కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో మొదలుపెట్టి 2000లో విడుదల చేసిన సాఫ్ట్‌వేర్ అది. ఎర్ర బటన్ నొక్కితే రికార్డవుతుంది, అంతకు మించి నన్నేమీ అడగదు. అందులో నాకు బాగా నచ్చింది నాయిస్ రిడక్షన్. ఒట్టి హోరు మాత్రమే ఉన్న ముక్కను ఎంచి, "ఇదీ నాయిస్" అని చూపిస్తే, మొత్తం రికార్డింగులో ఆ హోరును వెతికి తగ్గించేస్తుంది. ఇది మా అమ్మాయికి నేనే నేర్పాను. నేర్పకుండా ఉండాల్సింది.

ముహూర్తం కుదిరింది. అలమరలోకి నడుస్తుంటే కాలికి తీగ తగిలి ఇంటర్‌ఫేస్ యూఎస్‌బీ ఊడింది. మళ్లీ గుచ్చి, ఆడాసిటీని మూసి తెరిచి, చప్పట్లు కొట్టాను. లెవెల్ మీటరు ఎగిరింది. అంతా సవ్యంగానే ఉందని ఎర్ర బటన్ నొక్కి, పరిగెత్తి అలమరలో దూరి, తలుపు వేసుకున్నాను. చీకటి, ఉక్క, కలరా ఉండల వాసన. హెడ్‌ఫోన్లో నా గొంతు గంట కొట్టినట్టు వినిపిస్తోంది. రెండు పాటలు, ఒక పద్యం పాడి, చెమటలో తడిసి బయటికొచ్చాను.

ముగ్గుర్నీ కూర్చోబెట్టి ప్లే నొక్కాను.

"బావ ఏరీ అక్కా?" అంది స్పీకరు, మా బావమరిది గొంతుతో.

"అలమరలో ఉన్నారు."

"అలమరలో ఏం చేస్తున్నారు?"

"పాడుతున్నారు."

"తలుపు వేసుకున్నారా?"

"వేసుకున్నారు."

"దేవుడున్నాడు."

ఆ వెనక ఎక్కడో దూరంగా ఎవరో దుప్పటి ముసుగేసుకుని మూలుగుతున్నట్టు ఒక శబ్దం. అంతలో మా అమ్మాయి గొంతు: "అమ్మా, దానికి బయట గడియ ఉందా?"

సంగతి అర్థమైంది. తీగ ఊడినప్పుడు ఆడాసిటీ ఇన్‌పుట్‌ను ల్యాప్‌టాప్‌లో ఉండే మైకుకు మార్చుకుంది. నేను చప్పట్లు కొట్టింది దాని ముందే. అలమరలో నాకు వినిపించింది కంప్యూటర్ దాకా పోని నా సొంత గొంతు, డైరెక్ట్ మానిటర్ పుణ్యమా అని. రికార్డయిందల్లా 22 నిమిషాల హాలు.

గది నిశ్శబ్దమైంది. మా ఆవిడ సీలింగు వైపు చూసింది. బావమరిదికి ఏదో పని గుర్తొచ్చింది గానీ లేవడానికి ధైర్యం చాల్లేదు. మా అమ్మాయి మాత్రం ల్యాప్‌టాప్ తన వైపు తిప్పుకుంది.

"మాటలు భలే స్పష్టంగా వచ్చాయి నాన్నా. వెనకాల ఆ గొణుగుడు ఒక్కటే అడ్డు" అంటూ, హాల్లో ఎవరూ మాట్లాడకుండా నేనొక్కణ్నే పాడుతున్న చోటు ఎంచి, నాయిస్ ప్రొఫైల్‌గా తీసుకుంది.

"అలా పోదమ్మా" అన్నాను, ఉన్న పరువును కూడగట్టుకుని. "అది ఫ్యాను హోరులాంటి వాటికే పనిచేస్తుంది. ఒకే తీరుగా, ఎక్కడా మారకుండా ఉండాలి. పాట అలా కాదు, స్వరాలు మారుతూ ఉంటాయి."

"నువ్వు పాడినదానికి పరవాలేదులే" అని ఎంటర్ నొక్కింది.

మొత్తం పోయింది. ఫైలు తనకూ పంపమన్నాడు బావమరిది.