టెన్నిస్ కోర్టుకు పిల్లల బెడద

హైదరాబాద్‌లో పెద్ద ప్రైవేట్ స్కూళ్లు టెన్నిస్‌కు చేస్తున్న సేవను ఎవరూ గుర్తించట్లేదు. ఈమధ్య మావైపు ఒక స్కూల్లో కోర్టు గేటుకు బోర్డు తగిలించారు: 'అనుమతి లేనిదే విద్యార్థులు లోపలికి రాకూడదు'. చదివి ఎంత ముచ్చటేసిందో! స్కూలు ఉన్నదే పిల్లల కోసం, స్పోర్ట్స్ ఫీజు కట్టేదీ వాళ్లే, రాకూడనిదీ వాళ్లే.

మరి ఎవరు రావచ్చు? సాయంత్రం ఆరు దాటాక గంటకింతని కట్టే ఎవరైనా. లైట్లు వెలుగుతాయి, మోకాళ్లకు పట్టీలు కట్టుకున్న సాఫ్ట్‌వేర్ అన్నలు దిగుతారు, సర్వీస్ నెట్‌కు తగిలినప్పుడల్లా రాకెట్‌ను అనుమానంగా చూస్తారు. అదే టైముకి పైఅంతస్తులో ఎనిమిదో తరగతి పిల్లలు ఐఐటీ ఫౌండేషన్ క్లాసులో విసిరిన బంతి ఎంత ఎత్తుకు వెళ్తుందో లెక్క కడుతుంటారు.

పిల్లల్ని అసలు రానివ్వరంటే మాత్రం అన్యాయం. బ్రోషర్‌కు ఫొటోలు తీసే రోజు ఒకటుంటుంది. ఆ రోజు పగలే పీఈటీ సార్ గది తాళం తీసి నెట్ బయటికి తెస్తారు. నలుగురు పిల్లల్ని ఏరుతారు, ఎలా ఆడతారో చూసి కాదు, ఎలా నవ్వుతారో చూసి. రాకెట్ హ్యాండిల్ మీది ప్లాస్టిక్ కవర్ తీయొద్దని అకౌంట్స్ మేడమ్ వరండాలోంచి కేకేస్తుంది, షాపుకి తిరిగి ఇచ్చేయాలట. "సార్, బాల్?" అంటుంది ఒకమ్మాయి. "బాల్ ఎందుకమ్మా, తర్వాత కంప్యూటర్‌లో పెట్టేస్తాం" అంటాడు ఫొటోగ్రాఫర్. సరేనని ఆ అమ్మాయి లేని బంతిని కొడుతుంది, అవతలి పిల్లాడు తిప్పి కొడతాడు, అది లైను మీద పడిందా బయట పడిందా అని ఇద్దరూ కాసేపు గొడవ కూడా పడతారు. ప్రిన్సిపాల్ గారు 'గుడ్ షాట్' అంటారు. వెంటనే నెట్ చుట్టేస్తారు. ఆ ఫొటో పక్కనే సానియా మీర్జా 2015లో వింబుల్డన్ డబుల్స్ గెలిచిన సంగతి అచ్చేస్తారు. ఆమెకూ ఈ స్కూలుకూ సంబంధం ఏమిటంటారా, ఇద్దరిదీ ఒకే ఊరు!

ఇప్పుడు ఈ స్కూళ్లకు టెన్నిస్ కూడా దండగే అనిపిస్తోందట. పికిల్‌బాల్ అని, టెన్నిస్‌లాగే ఉండి చిన్న కోర్టులో ఆడే ఆట ఒకటుంది. ఒక టెన్నిస్ కోర్టు జాగాలో నాలుగు పికిల్‌బాల్ కోర్టులు పడతాయి, అంటే నాలుగు అద్దెలు.

2009 విద్యాహక్కు చట్టం షెడ్యూల్లో స్కూలుకు ఆటస్థలం ఉండాలని రాశారు. అందులో ఆడాల్సింది పిల్లలే అని విడిగా రాయలేదు, అది కూడా చెప్పాల్సి వస్తుందని ఎవరనుకుంటారు? అపార్ట్‌మెంట్లలో నడిపే స్కూళ్లకు గ్రౌండే లేదు, వాళ్ల సంగతి వేరే. మీకుంది కదా! లక్షల ఫీజు తీసుకుని, పదమూడేళ్ల పిల్లకు ఒక గంట చెమట పట్టనివ్వడానికి మీకేం రోగం? ఆ కోర్టు అరిగిపోతే అరగనివ్వండి, అది అరగడానికే వేశారు!

ఈసారి పేరెంట్స్ మీటింగ్‌లో ర్యాంకు ఎందుకు తగ్గిందని కాసేపు అడక్కండి. టెన్నిస్ పీరియడ్ ఏ రోజో టైమ్‌టేబుల్లో వేలు పెట్టి చూపించమనండి. చూపించలేకపోతే, సాయంత్రం అద్దెలో మన వాటా ఫీజులో తగ్గించమనండి.