మూడు కాళ్ళ దూడ

మా ఇల్లు మెదక్‌కు పోయే బస్సు రోడ్డు మీద ఉండేది. ఇల్లు చిన్నదే గానీ రోడ్డు వైపు గోడ మాత్రం పెద్దది. బస్సు సరిగ్గా దాని ముందరే ఆగేది. దిగేవాళ్ళు, ఎక్కేవాళ్ళు, ఎదురుగా చాయ్ హోటల్లో కూర్చునేవాళ్ళు, అందరి కళ్ళూ దాని మీదే. అందుకని ఎన్నికలు వస్తున్నాయంటే జీపు మొదట వచ్చి ఆగేది మా గోడ దగ్గరే.

మా బాపు కాంగ్రెస్. కాంగ్రెస్ అంటే ఆయనకు ఇందిరమ్మే. 1971లో మా గోడ మీద జాజుతో ఆవూదూడా వేయించుకున్నాడు. ఎమర్జెన్సీలో కుటుంబ నియంత్రణ ఆపరేషన్ల జీపు వస్తుందని పుకారు పుట్టినప్పుడు, ఇందిరమ్మకు జై కొట్టిన ఈ మనిషే రెండు రాత్రులు జొన్నచేలో పడుకున్నాడట. నాయినమ్మ ఆ సంగతి ఎత్తితే, "పార్టీ వేరు, ఆపరేషన్ వేరు" అని లేచి పోయేవాడు. 1977లో ఉత్తరాదంతా ఆమెకు ఎదురుతిరిగి, రాయ్‌బరేలీలో ఆమెనే ఓడగొట్టినా, మన రాష్ట్రం 42 సీట్లలో 41 ఆమె పార్టీకే ఇచ్చింది. ఆ 41 సీట్లూ తన చేతి మీదుగానే గెలిచినట్టు బాపు చాలా ఏళ్ళు మీసం తిప్పాడు.

1978కి పార్టీ చీలి గుర్తు మారింది. ఆవూదూడా పోయి చెయ్యి వచ్చింది. గోడకు సున్నం కొట్టి నీలిమందుతో పెద్ద చెయ్యి గీశారు. నాయినమ్మకు అది నచ్చలేదు. "ఆవు గుర్తయితే పాలు యాదికొచ్చేటియి. చెయ్యి ఏం గుర్తురా, చెంప మీద పడ్డా చెయ్యే గద" అనేది. కానీ 1980లో ఇందిరమ్మ మెదక్ నుంచే నిలబడిందనగానే ఆ గొణుగుడు ఆగిపోయింది. మీటింగుకు నడుచుకుంటూ పోయి, దుమ్ములో ఒక తెల్లచీర కొంగు మాత్రం చూసి వచ్చి, నెలరోజులు దాన్నే చెప్పింది. ఇందిరమ్మ రాయ్‌బరేలీలో కూడా గెలిచి, దాన్ని వదులుకొని మెదక్‌ను ఉంచుకుంది. దాంతో మా గోడ దేశ ప్రధాని సొంత నియోజకవర్గపు గోడ అయిపోయింది. బాపు దాని మీద పిడకలు కూడా కొట్టనిచ్చేవాడు కాదు.

ఇక అసలు కథ 1984 శ్రావణంలోది. అక్కకు సిద్దిపేట దిక్కునుంచి ఒక సంబంధం వచ్చింది. పిల్లవాడు మంచివాడు, నౌకరీ ఉంది, రెండెకరాల తరి ఉంది. ఒక్కటే చిక్కు. పిల్లవాడి తండ్రి తెలుగుదేశం. మామూలు తెలుగుదేశం కాదు, పసుపు కండువా మెడలో ఉంటే తప్ప అన్నానికి కూర్చోడని మధ్యవర్తి చెప్పాడు. పైగా ఆ సమయం చూడండి. ఆగస్టు 16న గవర్నర్ రామారావును దించి నాదెండ్ల భాస్కరరావును గద్దెనెక్కించాడు. ఇదంతా ఢిల్లీలో ఇందిరమ్మ చేయించిందేనని ఊరూరా మండిపోతున్నారు. రామారావు పక్షం ఎమ్మెల్యేలను కర్ణాటకకు తరలించారు. అది జరిగిన నాలుగైదు రోజులకు మా ఇంట్లో పెళ్ళిచూపులు.

బస్సు దిగగానే ఎదురుగా చెయ్యి కనబడితే ఆయన అదే బస్సులో వెనక్కి పోతాడని మధ్యవర్తి బెదిరించాడు. బాపు రాత్రంతా ఆలోచించి, తెల్లారేసరికి తన చేత్తోనే చెయ్యికి సున్నం కొట్టాడు. సున్నంలో తుమ్మబంక కలపమని నాయినమ్మ చెబుతూనే ఉంది. "నాలుగు గంటల పనికి బంకెందుకే" అన్నాడు. పొదుపు చేయకూడని చోట పొదుపు చేయడం మా వంశంలో ఉన్నదే.

మధ్యాహ్నానికి గోడ ఎండి తెల్లగా పాలకోవాలా మెరిసింది. మూడింటికి బస్సు వచ్చింది. బస్సుతోపాటే వాన కూడా వచ్చింది.

వాళ్ళు పరుగెత్తి ఎదురుగా ఉన్న చాయ్ హోటల్ రేకుల కింద నిలబడ్డారు. ఇంట్లో ఉన్న ఒక్క గొడుగూ, ఒక గోనెసంచి కొప్పెరా ఇచ్చి నన్ను తోలారు. నేను పోయేసరికి పెద్దమనిషి చాయ్ గ్లాసు పట్టుకొని మా గోడనే చూస్తున్నాడు.

సున్నం గుణం మీకు తెలిసే ఉంటుంది. పొడిగా ఉంటే తెల్లగా ఉంటుంది, తడిస్తే లోపలిదంతా కనబడుతుంది. ముందు నాలుగు వేళ్ళు తేలాయి. తర్వాత బొటనవేలు. ఇంకొంచెం తడిసేసరికి నీలిరంగు చెయ్యి మొత్తం, బస్సును ఆపుతున్నట్టు. నేను గొడుగు అడ్డం పెట్టి చూశాను. అంత చెయ్యికి నా గొడుగు ఏం ఆనుతుంది?

వాన ఊపందుకుంది. బంక లేని సున్నం పెచ్చులు పెచ్చులుగా జారింది. చెయ్యి కింద ఉన్న పాత సున్నం కూడా అక్కడక్కడా ఊడి, అడుగున జాజురంగు ఆవు లేచింది. ఇప్పుడు గోడ మీద ఎవరో ఆవు వీపు నిమురుతున్నట్టుంది. హోటల్లో నవ్వులు మొదలయ్యాయి. అవతల మా వాకిట్లో బాపు నెత్తికి తుండు చుట్టుకొని అటూ ఇటూ తిరుగుతున్నాడు. ఆయనకు గోడ లోపలి వైపే కనబడుతుంది, బయటి వైపు ఏం జరుగుతోందో తెలియదు.

పెద్దమనిషి గ్లాసు కింద పెట్టాడు. వానలోకి నడిచి గోడ దగ్గరికి పోయి వంగి లెక్కపెట్టాడు.

"ఒకటి, రెండు, మూడు. గీ దూడకు మూడే కాళ్ళేంది పిలగా?"

నాకు ఏడుపొచ్చింది. "మేం గియ్యలే" అన్నాను.

"నాకెరుకనే. గిది నా చెయ్యే" అన్నాడు.

ఒక్క క్షణం ఈయన కూడా కాంగ్రెస్సేనా అనుకున్నాను. చెయ్యంటే ఆ చెయ్యి కాదు, ఆయన కుడిచెయ్యి. 1971లో ఆయన పార్టీ జీపులో ఊరూరా తిరిగి గుర్తులు గీసేవాడట. రోజుకు మూడు రూపాయలు, తిండి వాళ్ళదే. కందిలి వెలుతురులో మా గోడ గీస్తుంటే జాజు అయిపోయింది. ఇంకా రెండూళ్ళు గీయాలని జీపువాడు హారన్ కొట్టాడు. నాలుగో కాలు రేపొచ్చి గీస్తానని పోయినవాడు పదమూడేళ్ళకు, మెడలో పసుపు కండువాతో వచ్చాడు.

ఇంట్లోకి వచ్చాక ఇద్దరికీ మాటలు బాగానే కలిశాయి. బాపు ఇందిరమ్మను పొగుడుతుంటే ఆయన, "అప్పుడు మాకేం తక్కువ పావురం లేకుండె" అంటూనే గవర్నర్‌ను తిట్టాడు. ఈ సందట్లో పెళ్ళికొడుకు అక్కను సరిగ్గా చూశాడో లేదో నాకిప్పటికీ అనుమానమే.

పెట్టుపోతల దగ్గర మళ్ళీ ముడిపడింది. ఆ రోజుల్లో అల్లుడికి వాచీ, రేడియో, సైకిల్ మామూలు. బాపు వాచీకి ఒప్పుకున్నాడు, రేడియోకు ఒప్పుకున్నాడు. సైకిల్ అనేసరికి లేచి నిలబడ్డాడు.

"సైకిల్ మాత్రం నా ఇంట్లకెళ్ళి పోదు."

పెద్దమనిషి ఆకు నములుతూ, "మంచిది బావా. మరి పసుపు కొట్టకుంట పెండ్లి ఎట్ల చేస్తవు?" అన్నాడు.

లోపల ఆడవాళ్ళు పగలబడి నవ్వారు. చివరికి మెదక్‌లో దుకాణం నుంచి సైకిల్ నేరుగా సిద్దిపేట పోయేటట్టు, మా గడప తొక్కకుండా ఉండేటట్టు తెగింది.

పెండ్లి మార్గశిరంలో అయింది. కానీ అంతకుముందే, అక్టోబర్ 31న, రేడియోలో ఆ వార్త వచ్చింది. నాయినమ్మ ఆ రోజు పొయ్యి ముట్టించలేదు. కన్నబిడ్డ పోయినట్టు ఏడ్చింది. పెద్దమనిషి కూడా బస్సెక్కి వచ్చి, అరుగు మీద బాపు పక్కన చాలాసేపు ఊరికే కూర్చొని పోయాడు.

డిసెంబర్‌లో ఓట్లు. దేశమంతా ఆమె పోయిన దుఃఖంలో కాంగ్రెస్‌కు 400కు పైగా సీట్లు కట్టబెట్టింది. మన రాష్ట్రం తెలుగుదేశానికి 30 ఇచ్చింది. ఆమె కూర్చున్న మెదక్ సీటు కూడా సైకిలెక్కి పోయింది. బాపు రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. ఊళ్ళో ఏ వాడ మోసం చేసిందో వేళ్ళ మీద లెక్కలు కట్టాడు. నాయినమ్మ సిరా గుర్తున్న వేలు కొంగులో దాచుకొని, "పిల్లనిచ్చుకున్నం గద బిడ్డా" అని మాత్రం అంది.

మార్చి 1985లో మళ్ళీ అసెంబ్లీ ఎన్నికలు వచ్చాయి. ఒక పొద్దున వియ్యంకుడు డబ్బా, కుంచె పట్టుకొని బస్సు దిగాడు. గోడ అడిగాడు. బాపు చాలాసేపు మీసం దువ్వుకున్నాడు. ఆడపిల్ల తండ్రి, కాదనలేడు. ఓటు వేరు, గోడ వేరని చెప్పి, మంచం తెచ్చుకొని గోడ ముందర కూర్చున్నాడు.

మొదటి చక్రం అయింది. రెండోదానికి కుంచె ముంచుతుంటే అవతల బస్సు హారన్ కొట్టింది. బాపు మంచం మీంచి దిగ్గున లేచాడు.

"బావా, ఇది గిట్ల రేపంటవేమో. డబ్బాల రంగున్నదా, చూసుకొని మొదలువెట్టు."