కూలి డబ్బులు, యాకోబు పత్రిక

ఆ శనివారం రాత్రి మా జూమ్ బైబిల్ స్టడీలో యాకోబు పత్రిక (బైబిల్లో ఉత్తరాలను పత్రికలంటారు) ఐదో అధ్యాయానికి వచ్చాం. ఏడెనిమిది కుటుంబాలం, అందరం డల్లాస్ చుట్టుపక్కల వాళ్ళమే. నాలుగో వచనం చదివే వంతు నాది. "ఇదిగో మీ చేలు కోసిన పనివారికియ్యక, మీరు మోసముగా బిగపట్టిన కూలి మొఱ్ఱపెట్టుచున్నది" అని గొంతు సవరించుకుని మరీ చదివాను. తర్వాత అరగంట చర్చ నడిచింది. ఆ కాలపు భూస్వాములు, రోమా పన్నులు, అంత్యదినాలు, అన్నీ వచ్చాయి. నేనూ రెండు మాటలు చెప్పాను. బాగా చెప్పావన్నారు.

అంతకు మూడు రోజుల ముందు మా ఊరి మేస్త్రీ వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెట్టాడు. నాన్న కట్టిన ఇంటికి పైకప్పు బాగుచేయించి, వెనక రెండు గదులు వేయిస్తున్నాను. "నాయనా, మూడు వారాల బట్వాడా ఆగిపొయ్యింది. ఆడోళ్ళు పొద్దన్నే ఇంటికాడికి వస్తన్నారు. కొంచెం చూడు" అన్నాడు. విన్నాను. బ్యాంకు యాప్ పాస్‌వర్డ్ మరిచిపోయాను, వారాంతంలో చూద్దాంలే అనుకున్నాను. డబ్బు లేక కాదు. ఆ వారమే పిల్లాడి పుట్టినరోజుకి హాలు బుక్ చేశాం.

"మొఱ్ఱ" అని నోరారా చదివినవాడికి, అదే మొఱ్ఱ తన ఫోన్లో మూడు రోజులుగా పడి ఉందని తట్టలేదు. ఆదివారం చర్చి నుంచి వస్తుంటే కారులో మా ఆవిడ "మేస్త్రీకి పంపారా?" అని మామూలుగా అడిగింది. అప్పుడు తట్టింది.

మనవాళ్ళు బైబిల్ చదవడం లేదని పాస్టర్లు బాధపడుతుంటారు. నాకు అలా అనిపించదు. ఫోన్లో నాలుగు యాప్‌లు, కారులో ప్రసంగాలు, పొద్దున్నే కుటుంబ గ్రూపులో గులాబీ పువ్వు పక్కన ఒక వచనం. చదువుతూనే ఉన్నాం. కాకపోతే చాలావరకు మనకు ఏం రాబోతోందో చూసుకోవడానికి చదువుతున్నాం. మనం ఎవరికి ఏం ఇవ్వాలో చెప్పే వచనాల దగ్గరికి వచ్చేసరికి చర్చ పెట్టుకుంటున్నాం.

వాగ్దానం కార్డుల సంగతే చూడండి. ఈ వ్యాసం చదివే హిందూ, ముస్లిం మిత్రుల కోసం చెబుతున్నాను: డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో చాలా చర్చిల్లో పళ్ళెంలో చిన్న చిన్న కార్డులు పెడతారు. ఒకటి తీసుకుంటే, అందులో ఉన్న వచనం ఆ ఏడాదికి నీ వాగ్దానం. మా వాళ్ళ ఇళ్ళలో ఫ్రిజ్ మీద ఎక్కువగా కనిపించేది యిర్మీయా 29వ అధ్యాయం 11వ వచనం. దేవుడు మన గురించి ఉద్దేశించినవి "సమాధానకరమైన ఉద్దేశములేగాని హానికరమైనవి కావు" అనేది. హెచ్‌వన్ వీసా లాటరీ కోసం ఎదురుచూసే ఇంట్లో, గ్రీన్‌కార్డు ఆగిపోయిన ఇంట్లో, ఎన్ని చోట్ల చూశానో.

ఆ వచనం ఒక ఉత్తరంలోది. యెరూషలేము నుంచి బబులోనుకు చెరపట్టి తీసుకుపోయిన జనానికి యిర్మీయా ప్రవక్త రాసిన ఉత్తరం. దానికి ఒక్క వచనం ముందే 70 ఏళ్ళు గడవాలని ఉంది. అంటే ఆ ఉత్తరం అందుకున్న పెద్దవాళ్ళలో చాలామంది తిరిగి ఊరు చూడరు. ఇంకాస్త పైకి వెళ్తే ఐదో వచనంలో ఇళ్ళు కట్టుకోండి, తోటలు నాటుకోండి అంటాడు. ఏడో వచనంలో, మిమ్మల్ని తీసుకుపోయిన ఆ పట్టణం క్షేమం కోరండి, "దాని క్షేమము మీ క్షేమమునకు కారణమగును" అంటాడు. పరాయి దేశంలో ఇల్లు కొనుక్కుని, మనసు మాత్రం కందుకూరులో పెట్టుకున్న మాలాంటి వాళ్ళకు ఇంతకన్నా సూటి ఉత్తరం ఉంటుందా? 11వ వచనం పదేళ్ళు మా ఫ్రిజ్ మీదే ఉంది. ఏడో వచనం సంగతి అడిగితే, మా వీధికి రెండు మైళ్ళలో ఫుడ్ బ్యాంకు ఉందని ఆ పదేళ్ళూ నాకు తెలియనే తెలియదు.

కార్డుల్ని వెక్కిరించడం నా ఉద్దేశం కాదు. మా పెద్దమ్మ ఒంగోల్లో పెద్దనాన్న ఆపరేషన్ రాత్రంతా ఒక కార్డు గుప్పిట్లో పట్టుకుని కూర్చుంది. ఆమెకు దాని ముందు వచనం ఏమిటి, వెనక వచనం ఏమిటి అని నేను చెప్పబోయి ఉంటే మా అమ్మ నాలుగు తగిలించేది.

మా నాయనమ్మకు చదువు రాదు. కందుకూరు పక్క పల్లె మాది. 1970 దాకా నెల్లూరు జిల్లా, తర్వాత ప్రకాశం, 2022లో మళ్ళీ నెల్లూరు, 2025 చివర్లో మళ్ళీ ప్రకాశం. ఏ జిల్లా అని అడిగితే మా వాళ్ళు ముందు నవ్వుతారు. ఆమె చిన్నతనంలో మిషన్ తరఫున ఒక బైబిల్ స్త్రీ వచ్చి, సాయంత్రాలు పల్లెలో లాంతరు పెట్టుకుని అధ్యాయాలకు అధ్యాయాలు చదివి వినిపించేదట. వచనం ఏరుకునే వీలు వినేవాళ్ళకు లేదు. వచ్చింది వచ్చినట్టు వినాల్సిందే. అందులో మాటలు కూడా నాయనమ్మవే. "ఆయన చేట ఆయన చేతిలో ఉన్నది" అంటే మా పిల్లలకు గూగుల్లో బొమ్మ చూపించాను. నాయనమ్మకు ఆ చేట గోడకు తగిలించే ఉండేది. కళ్ళం, కాడి, పరిగె, ఏదీ అడిగి తెలుసుకోవాల్సిన పని లేదు. కోతయ్యాక చేలో రాలిన కంకులు ఏరుకునే పరిగెకైతే ఆమే వెళ్ళేది.

తర్వాత తాత రెండెకరాలు కొన్నాడు. కోత రోజు చేలో రాలిన కంకుల మీద ఆయన్ను చెయ్యి వెయ్యనిచ్చేది కాదట. "అది మనది గాదు, పరిగెకొచ్చేవాళ్ళది" అనేదట. ఆ మాట లేవీయకాండము 19వ అధ్యాయం తొమ్మిదో వచనం అని ఆమెకు తెలియదు. నాకు తెలుసు.

మా ప్రాంతంలో ఈ పుస్తకం వేళ్ళూనిన చరిత్రలో కూడా కూలి మాట ఉంది. నెల్లూరుకు అమెరికన్ బాప్టిస్టులు 1840లోనే వచ్చారు. 1854 జనవరి 1న తెల్లవారుజామున ఆ మిషనరీల్లోని జ్యూయెట్ దంపతులు, కొందరు తెలుగు విశ్వాసులు ఒంగోలు కొండెక్కి ప్రార్థన చేశారు. అదే నేటి ప్రార్థన కొండ. ఈ రెండూ మనవాళ్ళు సువర్ణోత్సవ సంచికల్లో తప్పకుండా రాస్తారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారని కూడా రాస్తారు. దాని ముందు ఏం జరిగిందో మాత్రం ఒక్క వాక్యంలో దాటేస్తారు.

దాని ముందు కరువు. 1876లో మొదలై రెండేళ్ళు పీడించింది. ఒంగోల్లో ఉన్న మిషనరీ జాన్ క్లౌ అమెరికాలో సర్వేయరుగా పనిచేసి వచ్చిన మనిషి. కరువు పనిగా బకింగ్‌హాం కాలువ తవ్విస్తుంటే, అందులో మూడు మైళ్ళకు పైగా కాంట్రాక్టు తానే తీసుకున్నాడు. ఆయన దగ్గరున్న తెలుగు బోధకులే అక్కడ మేస్త్రీలు. పగలు మట్టి పని చూస్తారు, కూలీలు అలసి కూర్చున్నప్పుడు పక్కన చేరి వాక్యం చెబుతారు. ఏ వాక్యం? మత్తయి 11వ అధ్యాయం 28వ వచనం, "ప్రయాసపడి భారము మోసికొనుచున్న సమస్త జనులారా, నా యొద్దకు రండి". నెత్తిన మట్టి తట్ట దించి కూర్చున్నవాళ్ళకు దీనికి వేరే వ్యాఖ్యానం అక్కర్లేదు. ఇంకో సంగతి. కరువు సాయం చేసిన కాలంలో, ఏడాదికి పైగా, ఆయన ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. తిండి కోసం చేరారన్న మాట రాకూడదని. ఆ నిగ్రహం ఆ 2,222 కంటే పెద్దదని నా అభిప్రాయం.

కులం విషయమూ అంతే. క్లౌ ఒంగోలు వచ్చిన కొత్తల్లో, తాళ్ళకొండపాడు పేరయ్య లాంటి మాదిగలు సంఘంలో చేరుతుంటే పై కులాలవాళ్ళు అభ్యంతరం చెప్పారు. ఏం చేయాలో తోచక ఆయన బైబిల్ తెరిస్తే, మొదటి కొరింథీయులకు మొదటి అధ్యాయం కనిపించింది. లోకరీతిగా జ్ఞానులు, గొప్ప వంశంవాళ్ళు అనేకులు పిలవబడలేదన్న భాగం. వేరే గదిలో ఆయన భార్య తెరిచిన బైబిల్లోనూ అదే భాగం వచ్చిందని ఆయనే రాసుకున్నాడు. ఆ జంట దానికి కట్టుబడింది. 150 ఏళ్ళ తర్వాత, అదే జిల్లాల నుంచి వచ్చిన మనం డల్లాస్‌లో, న్యూజెర్సీలో పిల్లలకు "మంచి క్రిస్టియన్ సంబంధం" వెతుకుతూ రెండో ప్రశ్నగా ఏం అడుగుతున్నాం? "క్రిస్టియన్సే, కానీ వాళ్ళు ఏమిట్లు?" ఈ మాట రాస్తే కొందరు పెద్దలకు కోపం వస్తుందని తెలుసు. రానివ్వండి.

మా స్టడీలో ఇప్పుడు చిన్న మార్పు చేశాం. వారానికి ఒక పత్రిక గానీ, సువార్తలో ఒక పెద్ద భాగం గానీ మొదటి నుంచి చివరి దాకా ఆగకుండా చదువుతాం. ఫిలేమోనుకు రాసిన పత్రికైతే 25 వచనాలే, టీ చల్లారేలోపు అయిపోతుంది. చివరి పది నిమిషాలు ఒకటే ప్రశ్న: ఇది విన్నాక ఈ వారం ఎవరికి ఏం బాకీ ఉన్నాం? డబ్బు కావచ్చు, క్షమాపణ కావచ్చు, అత్తగారికి ఒక ఫోన్ కావచ్చు. రెండు కుటుంబాలు రావడం మానేశాయి. వాక్యం వినడానికి వస్తే లెక్కలు అడుగుతున్నారని ఒకాయన అన్నాడట. నిజమే, అడుగుతున్నాం. బెరయ పట్టణంలో వాళ్ళు అపొస్తలుడైన పౌలు చెప్పింది కూడా లేఖనాలతో సరిచూసుకున్నారని అపొస్తలుల కార్యములలో ఉంది. మనం యూట్యూబ్ ప్రసంగీకుణ్ణి సరిచూడటం అటుంచి, మన బ్యాంకు స్టేట్‌మెంట్‌నైనా సరిచూసుకోవద్దా?

మేస్త్రీకి ఆ ఆదివారమే మూడు వారాల డబ్బూ పంపాను. క్షమించమని ఫోన్ చేస్తే ఆయన ఇబ్బంది పడి, "ఇంతదానికి ఏందిలే నాయనా, వచ్చే శనివారం మాత్రం మర్చిపోబాక" అన్నాడు. ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయంలో కూలి "సూర్యుడు అస్తమింపకమునుపు" ఇవ్వాలని ఉంది. ఏ సూర్యుడు అని ఒక రోజంతా ఆలోచించాను. నాకు శనివారం పొద్దు గుంకేసరికి మేస్త్రీకి ఆదివారం తెల్లవారిపోతుంది. కందుకూరులో శనివారం సాయంత్రం ఆరున్నర అంటే, ఎండాకాలంలో ఇక్కడ ఉదయం ఎనిమిది. వెనక గదులకు ఇంకా ప్లాస్టరింగ్, గచ్చు, ప్రహరీ మిగిలి ఉన్నాయి. శనివారాలు ఆరింటికి అలారం పెట్టుకున్నాను. మా ఆవిడకు నిద్ర పాడవుతోంది.