హైదరాబాద్ కుర్రాళ్లకు పెడల్స్ కాదు, ఒక గది కావాలి

ఇక్కడ అమెరికా నుంచి హైదరాబాద్ వెళ్లేవాళ్ల సూట్‌కేసుల్లో ఈమధ్య గిటార్ పెడల్స్, అంటే కాలితో నొక్కి గిటార్ శబ్దాన్ని మార్చే చిన్న పెట్టెలు, ఎక్కువయ్యాయి. అక్కడ వాయించే మేనల్లుళ్లు, మేనకోడళ్లు అడుగుతారు, మనం ప్రేమగా కొని బట్టల మధ్య చుట్టి తీసుకెళ్తాం. ఫలానా ఫజ్, ఫలానా ఓవర్‌డ్రైవ్. పిల్లలకు ఇవ్వాలనుకోవడం మంచిదే. కానీ ఆ డబ్బు పెట్టాల్సిన చోట పెట్టడం లేదని నా గట్టి అభిప్రాయం. వాళ్లు వెతుక్కుంటున్నది 1960లు, 70ల నాటి రాక్ గిటార్ సౌండ్. అది చాలావరకు పుట్టేది స్పీకర్ కాగితానికీ మైకుకీ మధ్య ఉండే కాస్త జాగాలో, ఆ చుట్టూ ఉన్న గదిలో. ఆ గది మన పిల్లలకు లేదు.

ఆ సౌండ్ ఎలా వస్తుందో కొంచెం వివరంగా చెప్పాలి. పన్నెండు అంగుళాల గిటార్ స్పీకర్ 5,000 హెర్ట్జ్ దాటాక దాదాపు చేతులెత్తేస్తుంది. ఇంట్లో పాటలు వినే స్పీకర్‌కైతే అది లోపం. గిటార్‌కు మాత్రం అదే ప్రాణం. డిస్టార్షన్‌లో, అంటే శబ్దాన్ని కావాలని చీల్చినప్పుడు, పుట్టే గరగరనంతా వడకట్టి, కండ ఉన్న శబ్దాన్ని బయటికి పంపేది ఆ కాగితపు కోనే. అదే పెడల్‌ను నేరుగా హోమ్ థియేటర్‌కు కలిపి చూడండి, చెవిని గీరుతుంది. అప్పుడు పిల్లలు పెడల్ బాగాలేదనుకుని ఇంకో పెడల్ అడుగుతారు. లోపం పెడల్‌ది కాదు.

సెలెషన్ కంపెనీ జీ12ఎం స్పీకర్‌కు వెనక ఆకుపచ్చ మూత ఉండడంతో గ్రీన్‌బ్యాక్ అనే పేరు స్థిరపడింది. ఒక్కోటి 25 వాట్లు తట్టుకుంటుంది. వెనక పూర్తిగా మూసిన పెట్టెలో నాలుగు బిగిస్తే 100 వాట్లు. దాని మీద పెట్టే 100 వాట్ల మార్షల్ సూపర్ లీడ్ ఆంప్‌ను (గిటార్ శబ్దాన్ని పెంచే యాంప్లిఫయర్‌ను) చివరిదాకా తిప్పితే అంతకంటే ఎక్కువే బయటికొస్తుంది. అంటే ఆ స్పీకర్లు ఓర్చుకోగల హద్దు దగ్గర పనిచేసేవి. పాత రికార్డుల్లో మనం విని మురిసిపోయే ఆ మూలుగులో ఆంప్‌లోని వాల్వులతో (పాతకాలపు గాజు గొట్టాలతో) పాటు కోన్‌కూ పెద్ద వాటా ఉంది. డప్పును మంట దగ్గర కాచి, చర్మం బిగిశాక దెబ్బ వేసే ఊళ్ల నుంచి వచ్చాం మనం. శబ్దం ఎక్కడ పుడుతుందో మనకు కొత్తగా చెప్పాలా?

అసలు మార్షల్ ఆంప్ పుట్టిన తీరే నా వాదనకు బలం. జిమ్ మార్షల్ డ్రమ్మర్. లండన్‌లోని హాన్‌వెల్‌లో సంగీత వాయిద్యాల దుకాణం నడిపేవాడు. అమెరికా నుంచి వచ్చే ఫెండర్ ఆంప్‌లు ఇంగ్లండ్‌లో బాగా ఖరీదు. 1962, 63 ప్రాంతాల్లో ఆయన దగ్గర పనిచేసే కెన్ బ్రాన్, డడ్లీ క్రేవెన్ ఫెండర్ బాస్‌మన్ సర్క్యూట్‌ను ఆధారంగా తీసుకుని, తమ దగ్గర దొరికే ట్రాన్స్‌ఫార్మర్లు, విడిభాగాలతో జేటీఎం45 అనే మొదటి మార్షల్ ఆంప్ తయారుచేశారు. ఫెండర్‌లో వెనక తెరిచి ఉన్న పెట్టెలో నాలుగు పది అంగుళాల స్పీకర్లు ఉంటే, వీళ్లు మూసిన పెట్టెలో నాలుగు పన్నెండు అంగుళాల సెలెషన్లు పెట్టారు. సర్క్యూట్ దాదాపు అదే అయినా సౌండ్ మారిపోయింది. దాన్నే ఇప్పుడు మనం బ్రిటిష్ టోన్ అంటున్నాం.

క్వీన్ బ్యాండ్ సంగతి ఇంకా ముచ్చటగా ఉంటుంది. ఆ బ్యాండ్ గిటారిస్ట్ బ్రయాన్ మే తన గిటార్‌ను తండ్రితో కలిసి ఇంట్లోనే చేసుకున్నాడు. మెడకు వాడిన చెక్క పాత చలిమంట గూడుది. వరసగా పెట్టుకున్న వాక్స్ ఏసీ30 ఆంప్‌లు ఎలాగూ ఉన్నాయి. వాటితో పాటు బాసిస్ట్ జాన్ డీకన్ చెత్త తొట్టిలో దొరికిన ఒక సర్క్యూట్ బోర్డును చిన్న స్పీకర్ పెట్టెలో బిగించి, 9 వోల్టుల బ్యాటరీతో నడిచేలా చేసి ఇచ్చాడు. వయొలిన్లేమో, బూరలేమో అనిపించే గిటార్ వరసలు చాలావరకు ఆ బుల్లి పెట్టెలోంచి వచ్చినవే. కోఠి గుజరాతీ గల్లీలో తిరిగినవాళ్లకు ఇలాంటి పని కొత్తగా అనిపించదు. స్పీకర్లు, ట్రాన్స్‌ఫార్మర్లు, ఏ వైరు కావాలన్నా అక్కడ దొరుకుతాయి. పెట్టె చేయడానికి మంచి వడ్రంగి, 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ ఉంటే చాలు. నాలుగు గ్రీన్‌బ్యాక్‌లు మాత్రం అసలైనవి కొనుక్కోవాలి, అక్కడ రాజీ పడకూడదు.

ఇక మైకు. షూర్ ఎస్ఎం57 వచ్చింది 1965లో. అమెరికాలో సుమారు 100 డాలర్లు. స్టూడియోల్లో గిటార్ క్యాబినెట్ (స్పీకర్ పెట్టె) ముందు ఎక్కువగా కనిపించే మైకు అదే. మారేడ్‌పల్లిలో మా అక్కయ్య కొడుకు గదిలో ఇదే మైకు పెట్టి కూర్చున్నాం. స్పీకర్ ఎక్కడుందో పెట్టె ముందు కప్పిన గుడ్డ మీంచి కనబడదు కాబట్టి ముందు మొబైల్ టార్చ్ వేసి నడిమధ్య ఉండే గుండ్రటి మూతను వెతికి, సుద్దముక్కతో గుర్తు పెట్టాం. మైకును సరిగ్గా దాని ఎదురుగా, గుడ్డకు అంగుళం దూరంలో పెడితే సూదిలా గుచ్చుకునే ట్రెబుల్. వాడు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఇవతల కూర్చుంటే, వాడి స్నేహితుడు గిటార్ మీద అదే కార్డ్ (స్వరాల కూర్పు) కొడుతూ ఉన్నాడు. నేను మైకును వేలెడంత పక్కకు జరిపాను. ఆ గుచ్చుకోవడం పోయి నడిమి స్వరం నిండుగా వచ్చింది. ఇంకో వేలెడు జరిపితే మసకబారింది. "మావయ్యా, ఆగు ఆగు, వెనక్కి రా, అక్కడే!" అని అరిచాడు. ఆంప్ మీద ఒక్క నాబ్ కూడా ముట్టుకోలేదు. కొన్నేళ్లుగా వాడు పెడల్స్ మార్చి వెతుకుతున్నది ఆ రెండు వేళ్ల జాగాలో దొరికింది.

రెండో మైకు పెట్టాలన్న ఆశ అందరికీ ఉంటుంది. రెండూ స్పీకర్ నుంచి సమాన దూరంలో లేకపోతే ఒకదాన్నొకటి తినేస్తాయి. 17 సెంటీమీటర్ల తేడా ఉంటే 1,000 హెర్ట్జ్ దగ్గర దాదాపు పూర్తిగా కొట్టుకుపోతుంది. గిటార్‌కు ప్రాణమైన చోటే గొయ్యి పడుతుంది. ముందు ఒక్క మైకుతో చెవిని తయారుచేసుకోవాలి.

దగ్గర మైకే వేదం అని కూడా అనను. 1966లో గిటారిస్ట్ ఎరిక్ క్లాప్టన్ బ్లూస్‌బ్రేకర్స్ బ్యాండ్‌తో రికార్డు చేసినప్పుడు, స్టేజీ మీద ఎంత వాల్యూమ్ పెడతాడో స్టూడియోలోనూ అంతే పెట్టి, మైకు దూరంగా ఉండాలని పట్టుబట్టాడు. ఆ రోజుల్లో ఇంజినీర్లకు ఇది మింగుడుపడని కోరిక. లెస్ పాల్ గిటార్, మార్షల్ కాంబో (ఆంప్, స్పీకర్ ఒకే పెట్టెలో), గది, మూడూ కలిసి ఆ సౌండ్. మన ఫ్లాట్లలో దీన్ని ప్రయత్నిస్తే వచ్చేది గ్రానైట్ నేల, నున్నటి గోడలు ఇచ్చే కంచు మోత. మారేడ్‌పల్లిలో క్యాబినెట్‌ను నేల మీంచి ఎత్తి చెక్క బల్ల మీద పెట్టి, వెనక గోడకు రెండు దూది పరుపులు నిలబెట్టాక గానీ గది అదుపులోకి రాలేదు. దూది పరుపును మించిన చవకైన స్టూడియో సామాను నేను చూడలేదు.

హైదరాబాద్‌లో ఇంకో పెద్ద సమస్య కరెంటు. దీని గురించి ఎవరూ మాట్లాడరు. మనం ఇక్కడి నుంచి 120 వోల్టుల వాల్వ్ ఆంప్ మోసుకెళ్తే అక్కడి 230కి స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. అందుకే ఆంప్‌ను ఇండియాలోనే, 230 వోల్టులదే కొనాలి. వోల్టేజ్ ఎగిరి పడుతుంటే వాల్వుల లోపలి వోల్టేజ్ కూడా ఎగిరి పడుతుంది, సౌండ్ మారుతుంది, వాల్వుల ఆయుష్షు తగ్గుతుంది. గిటారిస్ట్ ఎడ్డీ వాన్ హేలెన్ తన మార్షల్‌కు కావాలనే వోల్టేజ్ తగ్గించి, 90 వోల్టుల దగ్గర నడిపేవాడు. కానీ అది వేరియాక్‌తో (వోల్టేజ్‌ను కావలసినంతకు మార్చే సాధనంతో) అదుపులో పెట్టుకుని చేసిన పని. మన వీధి ట్రాన్స్‌ఫార్మర్ దయ మీద ఆధారపడింది కాదు. మంచి స్టెబిలైజర్ తప్పనిసరి. ఎలక్ట్రానిక్ ఫ్యాన్ రెగ్యులేటర్, చవక ఇన్వర్టర్, కొన్ని ఎల్ఈడీ బల్బుల మోత గిటార్ సింగిల్ కాయిల్ పికప్‌లలోకి (తీగల కదలికను పట్టే భాగాల్లోకి) జుమ్మని దూరుతుంది. రికార్డు చేసేటప్పుడు ఫ్యాన్ ఆపేయాల్సిందే, ఎండాకాలమైనా సరే. అన్నిటికంటే ముఖ్యం ఎర్తింగ్. గిటార్ తీగల మీద చెయ్యి, మైకు దగ్గర మూతి ఉన్నప్పుడు ఎర్తింగ్ సరిగ్గా లేకపోతే షాక్ కొడుతుంది. హమ్ (జుమ్మనే మోత) పోతుందని ఎవరో చెబితే ప్లగ్‌లోని మూడో పిన్ (ఎర్తింగ్ పిన్) పీకేసే పిల్లలను చూశాను. దయచేసి అలా చెయ్యనివ్వకండి. ఇది ప్రాణాలతో వ్యవహారం.

ఇదంతా ఎందుకు, లాప్‌టాప్‌లో అన్నీ ఉన్నాయి కదా అని అడుగుతారు. ఉన్నాయి, బాగున్నాయి కూడా. ఆంప్‌ను అనుకరించే న్యూరల్ ఆంప్ మోడలర్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది. క్యాబినెట్, మైకు కలిపి కొలిచిన ఇంపల్స్ రెస్పాన్స్ ఫైళ్లు కుప్పలుగా ఉన్నాయి. రాత్రి పదకొండుకు కూకట్‌పల్లి ఫ్లాట్‌లో వాయించుకునేవాడికి అంతకంటే మంచి దారి లేదు. అయితే ఇంపల్స్ రెస్పాన్స్ అంటే ఎవరో ఒక రోజు, ఒక గదిలో, తన చెవికి నచ్చిన చోట మైకు పెట్టి తీసుకున్న కొలత. వేలెడు జరపడం అంటే ఏమిటో తెలియని పిల్లవాడు వెయ్యి ఫైళ్లలో ఏది ఎంచుకోవాలో తేల్చుకోలేడు. తెలిసినవాడు నాలుగు విని చాలంటాడు. పైగా స్పీకర్ ఎదుట నిలబడితే దాని గాలి తీగను తిరిగి కదిలిస్తుంది, స్వరం ఆగకుండా సాగుతుంది. గిటారిస్ట్ జిమీ హెండ్రిక్స్ వాయింపులో చాలా భాగం ఆ లంకె మీదే నిలబడింది. హెడ్‌ఫోన్స్‌లో ఆ లంకె తెగిపోతుంది.

అందుకే ఇక్కడి మన తెలుగు సంఘం కార్యవర్గానికి నా ప్రతిపాదన. మహాసభల్లో ఒక సంగీత విభావరికి పెట్టే ఖర్చులో కొంత తీసి, హైదరాబాద్‌లో పిల్లల కోసం ఒక గది ఏర్పాటుచేద్దాం. నాచారం, ఉప్పల్ వైపు ఇండస్ట్రియల్ ఏరియాలో, సాయంత్రమైతే జనం లేని చోట, ఇరుగుపొరుగుకు ఇబ్బంది లేకుండా. ఒక 20 వాట్ల వాల్వ్ ఆంప్, గ్రీన్‌బ్యాక్‌లున్న ఒక నాలుగు స్పీకర్ల క్యాబినెట్, రెండు ఎస్ఎం57లు, ఒక రిబ్బన్ మైకు (లోపల సన్నని లోహపు పట్టీ ఉండే మైకు), స్టెబిలైజర్, విడిగా తవ్వించిన ఎర్త్ పిట్, పరుపులు. ఇంతకంటే అక్కర్లేదు. 100 వాట్ల ఆంప్ వద్దు. దాన్ని పూర్తిగా తిప్పితే చిన్న గదిలో చెవులు దెబ్బతింటాయి, తిప్పకపోతే ఆ సౌండ్ రాదు.

గదిని చూసుకునే మనిషికి జీతం మనమే ఇవ్వాలి. హైదరాబాద్‌లో సినిమా రికార్డింగుల మీద పనిచేసి మైకులు చేతికి అలవాటైన పెద్దవాళ్లు ఉన్నారు, వాళ్లలో ఒకరిని అడగాలి. వాయించడానికి వచ్చే పిల్లల దగ్గర డబ్బు తీసుకోకూడదు. గిటార్ లేనివాళ్ల కోసం గోడకు రెండు గిటార్లు తగిలించి ఉంచాలి. అమ్మాయిలు నిశ్చింతగా వచ్చి వెళ్లేలా మెట్రో స్టేషన్‌కు దగ్గరగా ఉండాలి. అద్దె, జీతం, సామాను, మూడింటికీ విడివిడిగా లెక్క వేసి వచ్చే సర్వసభ్య సమావేశంలో పెడతాను. అప్పుడు చర్చిద్దాం, మార్పులు చెప్పండి.