‘22 క్రెడిట్లు చాలు’ అంటూ తిరుగుతున్న ఆ మెసేజ్ సంగతి

నాలుగు రోజులుగా మా డాలస్ వైపు తెలుగువాళ్ల వాట్సాప్‌లో ఒకటే మెసేజ్ తిరుగుతోంది. టెక్సస్ హైస్కూల్ పిల్లల తల్లిదండ్రులకు కౌన్సిలర్లు (ఏ కోర్సులు తీసుకోవాలో స్కూల్లో సలహా ఇచ్చేవాళ్లు) చెప్పని రహస్యాలట. సారాంశం ఇదీ: హైస్కూల్ డిప్లొమా రావడానికి 22 క్రెడిట్లు చాలు (ఏడాది పాటు చదివే కోర్సుకి ఒక క్రెడిట్), మిగతాదంతా స్కూళ్లు రుద్దేది. తెలుగు సర్టిఫికెట్ చూపిస్తే ఫారిన్ లాంగ్వేజ్ అయిపోతుంది. కూచిపూడి, క్రికెట్ కోచింగ్‌తో పీఈ (వ్యాయామ విద్య), ఫైన్ ఆర్ట్స్ రెండూ గట్టెక్కుతాయి. ఏ సబ్జెక్టయినా పరీక్ష రాసి 70 తెచ్చుకుంటే క్లాసుకి వెళ్లక్కర్లేదు. హెచ్4 పిల్లలు (హెచ్1బీ వీసా మీద పనిచేసేవాళ్ల పిల్లలు) కాలేజీ ఆర్థిక సాయం కోసం పెట్టే ఫాఫ్సా ఫారం నింపలేరు కాబట్టి వాళ్ల డిప్లొమా ఆపేస్తారు. ఇండియాలో చదివిన టెన్త్ ఇక్కడ చెల్లదు, మళ్లీ నైన్త్ నుంచే.

నాకు ఐదుగురు పంపారు. ఆరోది గుంటూరు నుంచి మా పిన్ని కొడుకు పంపాడు, జూన్‌లో కుటుంబంతో ఇక్కడికి వస్తున్నాడు, "అన్నయ్యా, మావాడి టెన్త్ వేస్టేనా?" అని కింద రాశాడు. అప్పటిదాకా నవ్వి ఊరుకున్నవాణ్ని ఇక కూర్చుని రాయక తప్పలేదు.

ముందు 22. అంకె తప్పు కాదు, అసలు చిక్కంతా అక్కడే. 2013లో టెక్సస్ శాసనసభ హౌస్ బిల్ 5 అనే చట్టం చేసింది, దాని కింద వచ్చిన ఫౌండేషన్ ప్రోగ్రామ్‌కి 22 క్రెడిట్లే: ఇంగ్లిష్ 4, మ్యాథ్స్ 3, సైన్స్ 3, సోషల్ 3, ఇంగ్లిష్ కాని భాష 2, పీఈ 1, ఫైన్ ఆర్ట్స్ 1, పిల్లలు ఇష్టప్రకారం ఎంచుకునే ఎలెక్టివ్స్ 5. కూడితే 22. కానీ అది అన్నిటికన్నా కింది మెట్టు. నైన్త్‌లో అడుగుపెట్టేటప్పుడే పిల్లలు ఎండార్స్‌మెంట్ అని ఒక దారి ఎంచుకుని రాసివ్వాలి (స్టెమ్, బిజినెస్, పబ్లిక్ సర్వీసెస్, ఆర్ట్స్, అన్నీ కలిపిన మల్టీడిసిప్లినరీ, ఈ ఐదిట్లో ఏదో ఒకటి), దానికి నాలుగో మ్యాథ్స్, నాలుగో సైన్స్, ఇంకో రెండు ఎలెక్టివ్స్ కలిపి మొత్తం 26 అవుతాయి. వట్టి 22తో బయటపడాలంటే టెన్త్ అయ్యాక, కౌన్సిలర్ దాని లాభనష్టాలు చెప్పాక, తల్లో తండ్రో సంతకం పెట్టి ఒప్పుకోవాలి. అంటే రహస్యం ఏమీ లేదు, సంతకం అడిగి మరీ చెబుతారు.

ఇక ఆ 22తో ఏం పోతుందో మెసేజ్ రాసినాయన చెప్పలేదు. ఎండార్స్‌మెంట్‌కి తోడు ఆల్జీబ్రా 2 కూడా ఉన్న నాలుగు మ్యాథ్స్, నాలుగు సైన్స్ పూర్తి చేస్తే దాన్ని డిస్టింగ్విష్డ్ లెవెల్ అంటారు. క్లాసులో మొదటి 10 శాతంలో ఉన్నవాళ్లకి టెక్సస్ ప్రభుత్వ యూనివర్సిటీల్లో ఆటోమేటిక్ అడ్మిషన్ ఇచ్చే 1997 నాటి చట్టం మనవాళ్లందరికీ కంఠతా వచ్చు, ఆస్టిన్‌లోని యూనివర్సిటీ ఆఫ్ టెక్సస్‌కి అంతకుముందు 6గా ఉన్నది కాస్తా 2026 ఫాల్ నుంచి 5 అయిందన్న దిగులూ అందరికీ ఉంది, కానీ ర్యాంకు ఎంత బాగున్నా డిస్టింగ్విష్డ్ లెవెల్ లేకపోతే ఆ ఆటోమేటిక్ తలుపు మామూలుగా తెరుచుకోదన్న సంగతి మాత్రం చాలామందికి తెలియదు. ర్యాంకు కోసం ట్యూషన్లకి తిప్పి తిప్పి, చివర్లో ఈ మెసేజ్ నమ్మి ఆల్జీబ్రా 2 వదిలేయించామనుకోండి! పైగా క్రెడిట్లు ఎన్నున్నా స్టార్ అనే రాష్ట్ర పరీక్షలు ఐదు వేరే ఉన్నాయి: ఆల్జీబ్రా 1, బయాలజీ, ఇంగ్లిష్ 1, ఇంగ్లిష్ 2, యూఎస్ హిస్టరీ. వీటి ఊసే ఆ మెసేజ్‌లో లేదు. స్టార్ స్థానంలో వేరే పరీక్షలు తెచ్చే చట్టం 2025లో అయింది కాబట్టి మీ పిల్లలు ఏ ఏడు నైన్త్‌లో చేరారో చెప్పి మరీ కౌన్సిలర్ని అడగండి.

తెలుగు సర్టిఫికెట్ మాట. ఇది రాసినవాళ్ల మీద నాకు కోపం కూడా రావట్లేదు, ఎందుకంటే వాళ్ల ఆశ నాదీ. ఒకే భాషలో రెండు క్రెడిట్లు కావాలని టెక్సస్ అడుగుతుంది, అది స్పానిషే అవ్వాలని ఎక్కడా లేదు, తెలుగుకి అడ్డేమీ లేదు. పిల్లలకి తెలుగు నేర్పే సిలికానాంధ్ర మనబడికి, బడులకి గుర్తింపునిచ్చే వాస్క్ అనే సంస్థ గుర్తింపు ఉంది, అది చిన్న విషయం కాదు. అయితే గుర్తింపు ఉన్న చోట చదివారనేది ఒకటి, మీ ఐఎస్‌డీ (మీ ప్రాంతంలో బడులు నడిపే స్కూల్ డిస్ట్రిక్టు) దాన్ని ట్రాన్స్‌క్రిప్ట్‌లో, అంటే హైస్కూల్ మార్కుల రికార్డులో, క్రెడిట్‌గా ఎక్కించడం ఇంకొకటి. క్రెడిట్ ఇచ్చేది డిస్ట్రిక్టే, బడి కాదు, మనబడి అయినా సరే. ఒక డిస్ట్రిక్టు ఒప్పుకున్నది పక్క డిస్ట్రిక్టు ఒప్పుకోవాలనీ లేదు. ఫ్రిస్కోలో ఉన్న స్నేహితుడు చెప్పాడని ప్లేనోలో ఉన్నవాళ్లు ధైర్యంగా ఉండిపోకూడదు.

ఎక్కువగా పనికొచ్చే దారి పరీక్ష. అవాంట్ అనే సంస్థ పెట్టే స్టాంప్ పరీక్షల్లో తెలుగు ఉంది, రాయడం, మాట్లాడటం చూస్తారు. మీ డిస్ట్రిక్టు దాన్ని తీసుకుంటుందా, ఏ స్థాయికి ఎన్ని క్రెడిట్లు ఇస్తుంది అన్నది ముందే ఈమెయిల్‌లో అడిగి జవాబు దాచుకోండి. ఇక్కడే మన ఇళ్ల అసలు కథ బయటపడుతుంది. మా అమ్మాయి అమ్మమ్మతో ఫోన్లో గంటసేపు గలగలా మాట్లాడుతుంది, రాయమంటే మాత్రం ఒత్తుల దగ్గర ఆగిపోతుంది, ‘అమ్మమ్మ’ అని రాయడానికే రెండుసార్లు కొట్టేసింది. ఇంట్లో మాట్లాడతారు కదా, సులువుగా పాసవుతారు అనుకుంటే రాతలో దెబ్బ తింటారు. కనీసం ఒక ఏడాది ముందు పలక పట్టించాలి.

కంప్యూటర్ సైన్స్ కోర్సులు రెండు చేసినా భాష కింద లెక్కేయడానికి టెక్సస్ రూలు ఒప్పుకుంటుంది. మన ఇళ్లలో ఈ మాట వినగానే కళ్లు మెరుస్తాయి. కానీ స్కూలు ఒప్పుకున్నంత మాత్రాన కాలేజీ కోడింగ్‌ని భాషగా చూడాలని లేదు, అప్లై చేయబోయే కాలేజీ ఏమంటుందో చూసుకున్నాకే ఆ దారి పట్టండి. ఇవన్నీ తలనొప్పి అనుకుంటే, చాలా చోట్ల మిడిల్ స్కూల్లోనే స్పానిష్ 1 చదివి హైస్కూల్ క్రెడిట్ తెచ్చుకోవచ్చు. ఎనిమిదిలో చదివే ఆల్జీబ్రా 1 కూడా అంతే.

కూచిపూడి దగ్గర నా చెయ్యి కాలింది కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. స్కూలు బయట నేర్చుకునే ఆటనీ, నాట్యాన్నీ పీఈగా లెక్కించే వీలు ఉంది, ఆఫ్ క్యాంపస్ పీఈ అంటారు. కానీ వారానికి కనీసం 5 గంటల శిక్షణ ఉండాలి, ఒలింపిక్ స్థాయి అంటే 15 గంటలు. అన్నిటికీ మించి, డిస్ట్రిక్టు ఆ శిక్షణ సంస్థని ముందే ఆమోదించి ఉండాలి. మేం పెద్దమ్మాయిని ఏడాదంతా డాన్సుకి తిప్పి, రంగప్రవేశం కూడా చేయించి, ఆ ఫొటోలు, సర్టిఫికెట్ పట్టుకుని వసంతంలో స్కూలుకి వెళ్లాం. కౌన్సిలర్ చాలా మర్యాదగా, ఎంతో బాగుందని ఫొటోలన్నీ చూసి, దరఖాస్తు గడువు ఆగస్టులోనే అయిపోయిందని చెప్పింది. వారానికి రెండు క్లాసులు కలిపి మూడు గంటలే కాబట్టి గడువులో పెట్టినా వచ్చేది కాదు. మా అమ్మాయి సమ్మర్‌లో ఆన్‌లైన్ పీఈ చేసింది, రోజూ ఎంతసేపు నడిచిందో రాసి పంపుతూ. ఫైన్ ఆర్ట్స్‌కి బయటి శిక్షణ లెక్కించే వీలు కూడా రూల్లో ఉంది, దానికి ఆమోదాల తంతు ఇంకా ఎక్కువ. ఒకే డాన్సు క్లాసుతో రెండు క్రెడిట్లు అనేది మాత్రం ఆశ. స్కూల్లో మార్చింగ్ బ్యాండ్‌లోనో, అథ్లెటిక్స్‌లోనో ఉంటే చాలా చోట్ల పీఈ దాంతోనే తీరిపోతుంది, అది చూసుకోండి ముందు.

పరీక్ష రాసి 70 తెచ్చుకుంటే చాలన్నది సగం నిజం, ఆ సగమే ముంచుతుంది. క్లాసులో చదివి ఫెయిలైన పిల్లలు మళ్లీ రాసే పరీక్షకి 70. క్లాసుకే వెళ్లకుండా ముందుకి దూకాలంటే 80. ఒక్కో కోర్సుకి రెండుసార్లకి మించి రాయనివ్వరు. ఇంకోటి, ఆ పరీక్షలో వచ్చిన స్కోరు ట్రాన్స్‌క్రిప్ట్‌లో ఎక్కించాలని చట్టమే చెబుతోంది. సమ్మర్‌లో ఆరు వారాలు జామెట్రీ రుబ్బించి 81 తెప్పిస్తే ఆ 81 అక్కడే కూర్చుంటుంది, జీపీఏలో (మార్కుల సగటులో) కలుపుతారా లేదా అన్నది డిస్ట్రిక్టుని బట్టి. (కాలేజీ స్థాయి కోర్సులకి పెట్టే ఏపీ, అంటే అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, పరీక్షలో 3 వస్తే కూడా క్రెడిట్ ఇవ్వచ్చు. ఏపీ అంటే ఆంధ్రప్రదేశ్ కాదని మా నాన్నగారికి ఇప్పటికీ చెబుతూనే ఉన్నాను.)

ఫాఫ్సా భయం అనవసరం. 2021-22 నుంచి సీనియర్లు ఫాఫ్సా గానీ, టెక్సస్ సొంత ఫారం టాస్ఫా గానీ నింపాలన్న రూలు నిజమే, కానీ మేం నింపం అని తల్లో తండ్రో సంతకం పెట్టి ఇచ్చే ఫారం కూడా అదే చట్టంలో ఉంది. కారణం చెప్పక్కర్లేదు. హెచ్4 కదా అని డిప్లొమా ఎవరూ ఆపరు.

మెసేజ్‌లో లేనిది ఒకటి నేను కలుపుతాను. మార్కులు వచ్చినా హాజరు 90 శాతం లేకపోతే క్రెడిట్ ఆగుతుంది. సెమిస్టర్‌కి 85 రోజులనుకుంటే, ఎనిమిది దాటితే ఇబ్బందే. డిసెంబర్ సెలవులకి ముందో వారం, తర్వాతో వారం అతికించి ఇండియా వెళ్లే మనం ఈ లెక్క టికెట్లు కొనకముందే వేసుకోవాలి. 75 శాతానికి తగ్గకపోతే ప్రిన్సిపాల్ ఒప్పుకున్న ప్లాన్ ప్రకారం మిగతాది పూర్తి చేసుకునే వీలుంది.

ఇక పిన్ని కొడుకు అడిగిన వాళ్లబ్బాయి టెన్త్. వేస్టు కాదు. బయట దేశంలో చదివినదాన్ని డిస్ట్రిక్టు పరిశీలించి, సరిపోయినంత మేరకి క్రెడిట్లు ఇస్తుంది. హైస్కూల్ అంటే ఇక్కడ నైన్త్ నుంచి ట్వెల్త్, కాబట్టి మన తొమ్మిది, పది రెండూ లెక్కలోకి వస్తాయి. తంటా ఎక్కడంటే, మన దగ్గర ఆల్జీబ్రా, జామెట్రీ ఒకే ‘గణితం’ కింద, ఫిజిక్స్, కెమిస్ట్రీ కలిపి భౌతిక రసాయన శాస్త్రం కింద ఉంటాయి, ఇక్కడ దేనికది వేరు కోర్సు. సిలబస్ కాగితాలు కూడా తెస్తే ఏది దేనికి సరిపోతుందో చూపించొచ్చు. తెలుగు, హిందీ చదివారు కదా, భాష క్రెడిట్ల కింద చూడమని అడగాలి, వాళ్లంతట వాళ్లకి తట్టకపోవచ్చు. యూఎస్ హిస్టరీ, గవర్నమెంట్ మాత్రం ఇక్కడ చదవాల్సిందే. బయట చేసిన కోర్సుకి డిస్ట్రిక్టు క్రెడిట్ ఒప్పుకుంటే దానికి సంబంధించిన స్టార్ పరీక్ష కూడా రాయనక్కర్లేదు, ఇది చాలామంది అడగక పోగొట్టుకునేది.

ఇదంతా పిన్ని కొడుక్కి చెప్పి, తొమ్మిదో తరగతి మార్కుల కాగితం స్కూలు ముద్రతో, సంతకంతో తెచ్చుకోమన్నాను. టెన్త్ మెమోని లామినేషన్ చేయించి బీరువాలో పెట్టుకుంటాం, తొమ్మిదిది మన ఇళ్లలో ఎవరి దగ్గరా ఉండదు. వాడు మర్నాడే బడికి వెళ్లాడట. ఆఫీసులో గుమస్తా రిజిస్టర్ వెతుకుతూ, "టెన్త్ పాసైపోయాడు కదండీ, ఇంకా తొమ్మిదోది ఎందుకు?" అని అడిగాడట.