గంట ముందు లేస్తే సరిపోదు

మొన్న మన సంఘం ఆన్‌లైన్ సభలో ఒక పెద్దాయన "ఉద్యోగాలు చేసే తల్లులు ఇంకో గంట ముందు లేస్తే అన్నీ సర్దుకుంటాయి" అన్నారు. చాట్ నిండా చప్పట్ల బొమ్మలు. ఒక్కరూ కాదనలేదు.

లెక్క చూడండి. నాలుగేళ్ల పిల్ల ఉదయం 7కి లేచి రాత్రి 8కి పడుకుంటే 13 గంటలు ఎవరో ఒకరు కనిపెట్టుకుని ఉండాలి. ఇద్దరి ఉద్యోగాలూ కలిపి 16 గంటలు. మామూలు రోజుల్లో ఈ భారాన్ని బడి, డేకేర్, ఊరి నుంచి వచ్చిన అమ్మమ్మలు మోస్తారు. 2020 మార్చిలో కరోనాతో బడులు మూతపడ్డాయి, విమానాలు ఆగాయి, ఆ ఆసరా పోయింది. అలాంటప్పుడు గంట ముందు లేస్తే తగ్గేది తల్లి నిద్రే.

ఇద్దరూ ఇంటి నుంచే పనిచేస్తుంటే పనికొచ్చేది షిఫ్టు. ఒకరు 6 నుంచి 12 దాకా పనిచేస్తే రెండోవారు 12:30 నుంచి 6:30 దాకా. మధ్య అరగంట భోజనానికీ అప్పగింతకీ. చెరో 2 గంటలు మిగిలితే పిల్ల పడుకున్నాక. మేనేజర్‌తో "కాస్త వెసులుబాటు కావాలి" అంటే ఏ వేళకైనా మీటింగ్ పెడతారు. "12:30 తర్వాతే కాల్స్ తీసుకోగలను" అని వేళ చెప్పి, క్యాలెండర్‌లో ఆ గంటలు బ్లాక్ చేయాలి.

ఇది రెండో వారానికే చెడుతుంది. జీతం ఎక్కువున్నవారి మీటింగే ముఖ్యమైపోయి, రెండోవారి షిఫ్టు కరిగిపోతుంది. అందుకే ఆదివారం సాయంత్రం 20 నిమిషాలు రెండు క్యాలెండర్లూ పక్కపక్కన పెట్టుకోవాలి. ఇద్దరికీ ఒకే వేళ మీటింగ్ పడితే ఎవరు వదులుకోవాలో వారం వారం మారాలి, జీతాన్ని బట్టి కాదు. పనిలో ఉన్నవారు పిల్ల కంట పడకూడదు. నాలుగేళ్లకి గడియారం తెలియదు, మూసిన తలుపు మీద ఎర్ర కాగితం తెలుస్తుంది.

అప్పగింత నోటిమాటగా జరిగితే ప్రమాదం. జ్వరమొచ్చిన పిల్లకి 11:40కి అమ్మ పారాసెటమాల్ వేస్తుంది, 12:45కి ఒళ్లు వెచ్చగా ఉందని నాన్న మళ్లీ వేస్తాడు. రెండు డోసుల మధ్య కనీసం 4 గంటలుండాలి. ఫ్రిజ్ తలుపుకి ఒక కాగితం అంటించి మందు పేరు, ఎన్ని ఎం.ఎల్., ఎన్నింటికి వేశారో రాయండి. ఏం తింది, ఎంతసేపు నిద్రపోయింది కూడా.

ఒంటరిగా పెంచేవారికి, ఆసుపత్రి డ్యూటీలకి వెళ్లేవారికి ఈ షిఫ్టు కుదరదు. సంఘం చేయగలిగింది అక్కడే ఉంది. దగ్గర్లో ఉన్న రెండేసి కుటుంబాలు జతకట్టి, ఆ రెండిళ్ల మధ్యే రాకపోకలు ఉంచుకుని, పిల్లల్ని వంతులవారీగా చూసుకునేలా ఒక జాబితా తయారు చేయండి. ఎవరికైనా దగ్గో జ్వరమో వస్తే ఆ రోజే రాకపోకలు ఆపాలన్న షరతు ముందే రాసుకోవాలి.

వచ్చే సభకి తండ్రుల్ని మాట్లాడమనండి. దయచేసి ఆ సభ రాత్రి 8కి పెట్టకండి, అది పిల్లల్ని పడుకోబెట్టే వేళ.